సర్కారు ఎవరి మాట?

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో ఎస్.ఎం. పురం అని ఒక ఊరుంది. ట్రిపుల్ ఐటీ వచ్చాక ఆ పేరు జిల్లా దాటి వినిపిస్తోంది. అడ్మిషను కాగితాల మీదా, ఆటోల్లోనూ, పిల్లల మాటల్లోనూ ఆ ఊరు ఎస్.ఎం. పురమే. నిండు పేరు మాత్రం షేర్ మహమ్మద్ పురం. 17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున శ్రీకాకుళంలో ఉండి ఈ ప్రాంతాన్ని ఏలిన ఫౌజ్‌దారు పేరు షేర్ మహమ్మద్ ఖాన్. శ్రీకాకుళం జామియా మసీదు 1641లో ఆయన కట్టించిందే. ఈ ఊరికి ఆయన పేరే వచ్చిందనుకోవడం సబబుగానే ఉంటుంది. ఒకప్పుడు ఈ తీరంలో ఎదురులేకుండా చెల్లిన పేరు ఇప్పుడు రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలుగా మిగిలింది. ఆ అక్షరాల వెనుక ఎవరున్నారో వాటిని రోజూ పలికేవాళ్లలో చాలామందికి పట్టదు. ఫౌజ్‌దారు అన్న హోదా కూడా మన వాడుకలోంచి పోయింది. అదే కాలంలో, అదే దర్బారు భాషలోంచి, అదే పన్ను లెక్కలతో పాటు వచ్చిన ఇంకో మాట మాత్రం బతికే ఉంది. అది సర్కారు. ఒక సామ్రాజ్యపు మాటల్లో కొన్ని పోయి కొన్ని ఎందుకు నిలుస్తాయన్న ప్రశ్నకు ఈ ఒక్క మాట చరిత్రలో చాలా జవాబుంది. ఏలినవాళ్లు గట్టిగా రుద్దినవి నిలిచాయని సాధారణంగా అనుకుంటాం. సర్కారు కథ చూస్తే నాకు దానికి దాదాపు ఎదురుగా కనిపిస్తోంది. పైవాళ్లు దానికిచ్చిన అర్థం చచ్చిపోయింది. కిందివాళ్లు దానితో చేసుకున్న అర్థాలే మిగిలాయి.

సర్కారు పారశీకపు మాట. సర్ అంటే తల, కార్ అంటే పని. రెండూ కలిస్తే పనికి పెద్ద, పని నడిపించేవాడు అని. పుట్టుకలో ఇందులో భూమి లేదు, కోట లేదు, సైన్యం లేదు. ఈ మాట వెళ్లిన ప్రతిచోటా ఆ మొదటి అర్థంలోంచి ఒక్కో కొమ్మ వేసింది. బెంగాల్లో దొరల ఇళ్లలో జమాఖర్చులు చూసే గుమాస్తాను సర్కార్ అన్నారు. అక్కడే అది ఇంటిపేరు కూడా అయింది. ఔరంగజేబు చరిత్రను ఏళ్ల తరబడి శోధించి రాసిన జదునాథ్ సర్కార్ పేరులో ఉన్నది మొగలుల మాటే. పంజాబులో రంజిత్ సింగు ప్రభుత్వం సర్కార్-ఎ-ఖాల్సా. దర్గాల్లో భక్తులు పీరును సర్కార్ అని పిలుస్తారు. నేటి ఇరాన్‌లో అది పోలీసు జవానును పిలిచే మర్యాద పిలుపు. గుమాస్తా, మహారాజు, పీరు, కానిస్టేబులు అందరూ ఒకే మాట కింద చేరడానికి కారణం ఆ మాటలో హోదా కంటే బాధ్యత ముందుండటం. ఫలానా పని ఎవరి మీద ఉందో వాళ్లు సర్కార్. షేర్ షా, ఆ తర్వాత అక్బరు తమ రాజ్యాలను పన్ను కోసం విభజించినప్పుడు ఈ మాట మనిషి మీంచి నేల మీదికి దిగింది. సుబా కింద సర్కారు, సర్కారు కింద పరగణా. అక్బరు పాలన 40వ ఏట సామ్రాజ్యంలో 105 సర్కార్లు ఉన్నాయని ఐనీ అక్బరీలో అబుల్ ఫజల్ లెక్క చెప్పాడు. ఒక అధికారి చేయవలసిన పని పేరే, ఆ పని జరిగే మేర మొత్తానికి పేరైంది. ఇది ఢిల్లీలోనే జరిగింది కాదు. రోమన్ల ప్రోవిన్కియా కూడా మొదట ఒక అధికారికి అప్పగించిన పని అనే అర్థంలోనే ఉండేది. గెలిచిన దేశాలను చూసుకోవడమే ఆ పని కాగా కాగా, ఆ దేశాలకే అది పేరైంది. ఇంపీరియం అంటే ఆజ్ఞాపించే అధికారం, తర్వాత ఆ ఆజ్ఞ చెల్లే నేల. సామ్రాజ్యాలు తమ మాటలను చాలా వరకు ఇలాగే సంపాదించుకున్నాయి. చేసే పని పేరుతో మొదలై, పనిని మరచి, భూమి పేరుగా స్థిరపడ్డాయి.

ఆ స్థిరపడటం ఎంత కఠినంగా ఉంటుందో మన తీరం చూసింది. 1687లో గోల్కొండ ఔరంగజేబుకు చిక్కింది. 1724 తర్వాత దక్కను నిజాముల్ముల్కు చేతికొచ్చింది. అప్పటికి కృష్ణకు దక్షిణాన గుంటూరు నుంచి ఉత్తరాన గంజాం వైపు దాకా ఉన్న తీరం ఐదు సర్కార్లు: ముర్తజానగరు అనే గుంటూరు, ముస్తఫానగరు అనే కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, అన్నిటికీ పైన శ్రీకాకుళం. 1753లో అప్పటి నిజాము సలాబత్ జంగు వీటిలో నాలుగింటిని ఫ్రెంచి సేనాని బుస్సీకి, అతని సైన్యం జీతాల కింద రాసిచ్చాడు. పని చూసేవాడు అన్న మాట జీతానికి బదులు ఇచ్చే సొత్తయింది. శ్రీకాకుళం ఫౌజ్‌దారు జాఫర్ అలీ ఒప్పుకోక మరాఠాలను పిలిపించాడు. ఫ్రెంచివారు శ్రీకాకుళం, రాజమండ్రి సర్కార్లను విజయనగరం పూసపాటి విజయరామరాజుకు కౌలుకిచ్చి అతన్ని తమ వైపు తిప్పుకున్నారు. ఆ పొత్తు ఎక్కడికి దారితీసిందో ఈ ప్రాంతంలో చెప్పనక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కాలింది. బొబ్బిలి కథను మనం పౌరుషం కథగా పాడుకుంటాం, అది నిజమే. కానీ బుస్సీని అంత సైన్యంతో ఇంత దూరం నడిపించింది ఈ సర్కారు మీద రావలసిన శిస్తు. మరుసటి ఏడు చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఇంగ్లీషువారి చేతిలో ఓడారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో, 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందంతో ఈ సర్కార్లు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కిందికి వచ్చాయి. ఆ ఒప్పందంలో ధరలు కూడా ఉన్నాయి: రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరు మూడింటికీ కలిపి ఏటా 5 లక్షలు, శ్రీకాకుళానికి 2 లక్షలు, గుంటూరు చేతికొచ్చాక దానికి 2 లక్షలు. గుంటూరు 1788లో వచ్చింది. 1823లో కంపెనీ ఒక్కసారిగా సొమ్ము చెల్లించి నిజాము బాకీ తెంచుకుంది. శ్రీకాకుళం సర్కారులోని రైతులు, నేతగాళ్లు, పల్లెకారులు, కొండల్లోని సవరలు ఈ ఒప్పందాల్లో ఎక్కడా లేరు. వాళ్లున్న నేల పేరు మాత్రం ఉంది.

ఇంత బలంగా పత్రాల్లో, పటాల్లో ముద్రపడిన అర్థం కదా, శాశ్వతంగా ఉండాలి. ఉత్తర సర్కార్లు అని దస్తావేజుల్లో, సైన్యం పటాల్లో, పాఠ్యపుస్తకాల్లో నూటయాభై ఏళ్లకు పైగా రాశారు. ఇవాళ శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఎవరూ మాది సర్కార్లు అనరు. ఉత్తరాంధ్ర అంటారు, రచయితలు ఇష్టంగా కళింగాంధ్ర అంటారు. రాజకీయ చర్చలో కోస్తా అంటారు. కాకినాడ నుంచి బయలుదేరే సర్కార్ ఎక్స్‌ప్రెస్సు పేరులో తప్ప ఆ భూభాగం రోజువారీ మాటల్లో వినిపించదు. ఎందుకు పోయిందో చూస్తే, అది మొదటి నుంచీ జనం నోటికి అందలేదనే అనిపిస్తుంది. 1802లో జమీందార్ల శిస్తును ఖాయం చేసే శాశ్వత పైసలా వచ్చింది. కోట చుట్టూ సర్కారు నేరుగా ఉంచుకున్న హవేలీ భూములను సైతం ముక్కలు చేసి వేలం వేశారు. ఆ తర్వాత విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీల్లో రైతుకు ఎదురైన అధికారం పేరు దివాణం. దివాణం శిస్తు, దివాణం చెరువు, దివాణం మనుషులు. 1948 చట్టం జమీందారీలను రద్దు చేసేదాకా ఆ రైతుకూ సర్కారుకూ మధ్య ఒక గోడ ఉంది. దివాణం కూడా పారశీకపు మాటేనన్నది వేరే విషయం, కానీ గుమ్మం ముందు నిలబడి తిట్టించుకున్న చోటు గనక దాని పేరు నోటికి పట్టింది. సర్కార్ల హద్దులూ చెరిగిపోయాయి. 1936లో ఒరిస్సా ఏర్పడి గంజాం చీలినప్పుడు శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలో చేరింది, 1950 ఆగస్టు 15న తానే ఒక జిల్లా అయింది. పాత సర్కారును రెండు రాష్ట్రాలుగా కోసింది భాష. ఇక్కడ సీమ సంగతి పోల్చి చూడదగ్గది. 1800లో నిజాము కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలను సీడెడ్ జిల్లాలు, దత్త మండలాలు అనేవారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని పేరులోనే చాటే ఆ అవమానాన్ని అక్కడివాళ్లు భరించలేదు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు ముందుకొచ్చింది. ఆ పేరు సూచించినవారిగా చెప్పుకునే చిలుకూరి నారాయణరావు శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి అనంతపురంలో పాఠం చెప్పిన పండితుడు, ఆంధ్ర భాషా చరిత్ర రాసినవాడు. సర్కార్ల బిడ్డ సీమకు కొత్త పేరు చూపాడు. సర్కార్లకు ఎవరూ సభ పెట్టి పేరు మార్చనవసరం రాలేదు. ఆ పేరు దానంతట అదే రాలిపోయింది.

సర్కారు అన్న పేరు మోసిన జిల్లాల్లో జనం వాడే మాట గవర్నమెంటు. గవర్నమెంటు బడి, గవర్నమెంటు ఆసుపత్రి, గవర్నమెంటు ఉద్యోగం. ఉత్తర సర్కార్లలో ఎన్నడూ భాగం కాని తెలంగాణలో మాత్రం సర్కారు బడి, సర్కారు దవాఖానా నిత్యం నోట్లో ఉండే మాటలు. ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. తెలంగాణ 1948 దాకా నిజాము కింద ఉంది, ఉర్దూ రాజభాష, అందుకే సర్కారు అక్కడ నిలిచింది. కోస్తా దాదాపు రెండు వందల ఏళ్ల ముందే ఇంగ్లీషువారి కిందికి పోయింది గనక ఇక్కడ గవర్నమెంటు వచ్చింది. అంటే మాటల తలరాత రాసేది అధికారమే కదా, జనం చేసిందేముంది? ఈ వాదనలో సగం నిజముంది. ఏ మాట ఏ గుమ్మంలోకి వస్తుందో అధికారమే నిర్ణయించింది, సందేహం లేదు. మిగిలిన సగం నిలబడదు. నిజాము రాజ్యంలో సర్కారు ఒక్కటే లేదు. సుబాలు, సుబేదార్లు ఉన్నారు. జిల్లా అధికారిని అవ్వల్ తాలూక్‌దారు అనేవారు. వీటికి సర్కారుకున్నంత రాజముద్రా ఉంది, అంతే ఉర్దూ బలమూ ఉంది. 1948 సెప్టెంబరు తర్వాత కొద్ది ఏళ్లలో అవి మనుషుల నోళ్లలోంచి పోయి చరిత్ర పుస్తకాల్లో చేరాయి. సర్కారు పోలేదు. ఒకే రాజు, ఒకే భాష, ఒకే కార్యాలయం ఇచ్చిన ఈ మాటల్లో ఇది ఒక్కటే ఎందుకు మిగిలిందో రాజును చూసి చెప్పలేం. బడికి, దవాఖానాకు, బావికి ముందు తగిలించుకుని, ఇది మనందరిదీ అని చెప్పడానికి జనానికి అది పనికొచ్చింది. సుబేదారు అలాంటి పనికి రాలేదు.

ఈ తీరంలో కూడా సర్కారు పూర్తిగా పోలేదని మరచిపోకూడదు. భూమి పేరుగా పోయి వేరే రూపాల్లో తిరిగొచ్చింది. సంతకో రేవుకో చేపల చెరువుకో వేలం వేస్తే, అధికారి ముందుగా పలికే ధర సర్కారు వారి పాట. వేలంలో ధర పలకడాన్ని పాట పాడటం అనుకున్న తెలుగు నోరు, ఆ పాటలో మొదటి పంక్తిని సర్కారుకిచ్చింది. 2022లో ఆ పేరుతో సినిమా వస్తే ఎవరికీ అర్థం విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. 1870ల చివర కడప జిల్లా కమలాపురం దగ్గర అటవీ శాఖ నాటించిన విదేశీ ముళ్ల చెట్టు వంటచెరకు కోసం వచ్చి, పొలం గట్లు, చెరువు గర్భాలు అంతటా కమ్ముకుంది. జనం దానికి పెట్టిన పేరు సర్కారు తుమ్మ. మనం అడగనిది, పైనుంచి వచ్చినది, ఎంత నరికినా పోనిది అన్న తీర్పంతా ఆ రెండు మాటల్లో ఉంది. నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది సర్కారు తోబుట్టువు ఒకటి: సిబ్బంది. అది మొదట శిస్తు వసూలుకు, ఊళ్లను అదుపులో ఉంచడానికి పెట్టుకున్న తాత్కాలిక సైనికుల పేరు. ఈ సర్కార్లలోనే సిబ్బందీ దళాలంటే పల్లెలు హడలిపోయిన రోజులున్నాయి. ఇవాళ ఆసుపత్రి సిబ్బంది, ఎన్నికల సిబ్బంది, పారిశుధ్య సిబ్బంది. కత్తి పట్టుకుని పన్నుకు వచ్చినవాడి పేరు చీపురు పట్టుకుని వీధి ఊడ్చే మనిషిదైంది. అలాగే దారు. కలిగినవాడు అని చెప్పే ఈ పారశీక ప్రత్యయం జమీందారు, జాగీర్దారు, ఇనాందారుల వెంట వచ్చింది. వాళ్లు పోయారు. దారును మాత్రం తెలుగు ఉంచుకుని తన ఇష్టం వచ్చిన చోట అతికించింది. వాటాదారు, వినియోగదారు, లబ్ధిదారు. లబ్ధి సంస్కృతం, దారు పారశీకం, రెండింటినీ కలిపి పింఛను తీసుకునే ముసలమ్మకు పేరుగా పెట్టింది తెలుగు. భూమి కలవాడి తోక పింఛనుకు హక్కున్న మనిషికి అమరింది. ఏ ఫర్మానా ఈ పని చేయలేదు.

పరాయి మాటను ఇంత ముద్దు చేయాలా అని అడిగేవాళ్లున్నారు. ప్రభుత్వం అన్న చక్కటి మాట ఉండగా సర్కారు దేనికని వాళ్ల ప్రశ్న. దీనికి ఒక సులువైన జవాబు ఉంది: సర్ అన్నది మన శిరస్సుకు, కార్ అన్నది మన కార్యానికి దగ్గరి చుట్టాలు, పారశీకం సంస్కృతం అక్కచెల్లెళ్లు, కాబట్టి ఇది పరాయిది కాదు అని. చుట్టరికం నిజమే. అయినా ఆ జవాబు నాకు నచ్చదు. చుట్టరికం చూపిస్తేనే మాటను ఇంట్లోకి రానిస్తాం అంటే రైలుకూ బస్సుకూ తలుపు మూయాలి. ఒక మాట ఎంతమందికి, ఎంతకాలం, ఏ అవసరానికి పనికొచ్చిందన్నదే కొలత. ఇక ప్రభుత్వం సంగతి. ప్రభువు అన్న మాటలోంచి వచ్చింది గనక దాని మూలార్థం ప్రభువుతనం, దొరతనం. ఓటు వేసి ఎన్నుకున్న పాలనకు ప్రభువు పేరు, మొగలుల పాలనకు పని చూసేవాడి పేరు దక్కాయి. అలాగని ప్రభుత్వాన్ని వదిలేయమని నేననను. దాన్ని కూడా జనం వాడి వాడి ప్రభువును అందులోంచి దాదాపు తీసేశారు. పుట్టుకను పట్టుకుని ఒక మాటను మెచ్చుకోవడమైనా, వెలివేయడమైనా ఈ వాడుకను చూడకపోవడమే. శ్రీకాకుళం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన నేల ఇది. ఇక్కడివాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పాల్సింది కాదు.

అంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. జనం అర్థం మార్చారు, మాట జనానిదైంది అని సంతోషిస్తే, ఆ మాట కింద నలిగిన బతుకులను మరచిపోయినట్టు కాదా? సర్కారు సొమ్మే కదా అన్న నిర్లక్ష్యం కూడా జనం చేసిన అర్థమే కదా? రెండూ నిజమైన ప్రశ్నలు. మొదటిదానికి నా జవాబు, మాటను తుడిచేస్తే గుర్తు మిగలదన్నదే. సిబ్బంది ఒకప్పుడు ఎవరో తెలిస్తే, ఇవాళ సిబ్బంది అనిపించుకునే మనిషి ఎంత దూరం వచ్చాడో తెలుస్తుంది, ఎక్కడెక్కడ ఇంకా పాత సిబ్బందిలాగే ప్రవర్తిస్తున్నాడో కూడా తెలుస్తుంది. రెండోదానికి అంత తేలికైన జవాబు లేదు. ఏటా రెండు లక్షలకు చేతులు మారిన నేల మీద తరతరాలు బతికినవాళ్లకు సర్కారు సొమ్ము తమదని అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. అది ఎప్పుడూ తీసుకునే చెయ్యే. దాంట్లోంచి ఎంత పోతే నాకేం అన్న మాట ఆ అనుభవం నేర్పింది. ఆ అనుభవం పోయి ఇది నా డబ్బే అన్న ఎరుక రావడానికి సర్కారు నుంచి తిరిగి ఏదో అందుతున్నట్టు కనిపించాలి. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ పేరున విశ్వవిద్యాలయం ఉంది, పక్కన ట్రిపుల్ ఐటీ ఉంది. కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలు ఇంజనీర్లు అవుతుంటే ఆ ఇళ్లలో సర్కారు అన్న మాటకు ఇంకో అర్థం పుడుతుంది. అక్కడ మెస్సు బాగాలేకపోయినా, పోస్టులు ఖాళీగా ఉన్నా ఆ కొత్త అర్థం వెంటనే దెబ్బతింటుంది. అందుకే వాటిని చిన్న విషయాలుగా చూడలేం.

పారశీకం, అరబ్బీ నుంచి మన కచేరీల్లోకి వచ్చిన మాటలను వరసగా పెట్టి చూస్తే కూడా ఈ సంగతి తేటపడుతుంది. జమీందారు పైకి చెల్లించిన పేష్కషు పోయింది. చేతులు కట్టుకుని సమర్పించే నజరానా చాలా వరకు పోయింది. జరిమానా, జప్తు, బకాయి ఉన్నాయి, వాటిని దాచి పెట్టి వాదించను. అవి ఉండటానికి కారణం ఆ పనులు ఇంకా జరుగుతూ ఉండటమే. కానీ మాటల్లో ఎక్కువ జీవం ఉన్నవి వేరు: అర్జీ, ఫిర్యాదు, హక్కు, రసీదు, జవాబు. ఇవన్నీ కింద ఉన్నవాడు పైనున్నవాడిని అడగడానికి పనికొచ్చేవి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు తహసీల్దారు మండల రెవెన్యూ అధికారి అయ్యాడు. కొన్నేళ్లకు ఆ పేరు మళ్లీ తహసీల్దారుగానే మారింది. తహసీలు అంటే వసూలు. ఇప్పుడు ఆ కార్యాలయానికి వసూలుకు భయపడి వెళ్లేవాళ్ల కంటే పట్టా కోసం, పేరు దిద్దించుకోవడం కోసం, కుల ధ్రువపత్రం కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ. సోమవారం కలెక్టరేటులో జరిగే విన్నపాల కార్యక్రమానికి ప్రతి కొత్త పాలనా కొత్త పేరు పెడుతుంది. ఒకసారి స్పందన అన్నారు, తర్వాత ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నారు. ఎచ్చెర్ల నుంచి, రణస్థలం నుంచి, లావేరు నుంచి బస్సెక్కి అక్కడికి వెళ్లేవాళ్లు ఏ పాలనలోనైనా తమ చేతిలో ఉన్నది అర్జీ అనే అంటారు, దానికి రసీదు అడుగుతారు.